రెండు రోజుల్లో మా మనిషి

యూసుఫ్‌గూడ,
మంగళవారం.

ప్రియమైన అక్కకి,

దేవుని దయవల్ల ఇక్కడ నీ మరిది లియో, పాప క్షేమం. నువ్వూ బావగారూ క్షేమమని తలుస్తాను. లియోకి మళ్ళీ ఫిల్మ్ నగర్‌లో సెట్ పని దొరికింది. పాపకి దగ్గు తగ్గిందా అని అడిగావు, తగ్గింది. నువ్వు పంపిన కందిపొడి అయిపోవచ్చింది. ఫోన్ ఎందుకు ఎత్తట్లేదని కూడా అడిగావు. అది చివర్లో చెప్తాను.

పోయిన ఉత్తరంలో గొప్పగా రాశాను, గుర్తుందా? ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ కోసం ప్రభుత్వం ఒక ఫోన్ నంబరు పెట్టిందనీ, నేను పనిచేసే సేవా సంస్థ వాళ్ళతో చేతులు కలిపిందనీ, డబ్బింగ్ చెప్పేదాన్ని కాబట్టి ఆ నంబరులో వినపడే రికార్డు గొంతు నాదేననీ. "మీ మాట విన్నాం. రెండు రోజుల్లో మా మనిషి మీ ఇంటికి వస్తారు." అంతే, రెండు ముక్కలు. ఫిల్మ్ నగర్ స్టూడియోలో ఒక్క టేకులో అయిపోయింది. సినిమాల్లో నాకెప్పుడూ గుంపులో అరుపులే గానీ ఇంత మంచి డైలాగు రాలేదు.

బోరబండ గుట్ట మీద జగదాంబ గారని ఒకావిడ ఉన్నారు. సినిమా కంపెనీలకి బట్టలు కుట్టి కుట్టి కళ్ళు పోగొట్టుకున్న మనిషి. నా అన్నవాళ్ళు లేరు. పోయిన నెల బాత్‌రూంలో జారిపడి ఆ నంబరుకి ఫోన్ చేశారు. నా మాట విన్నారు. పక్కింటివాళ్ళు ఆటో పిలిచి ఆస్పత్రికి తీసుకెళ్తామంటే ఒప్పుకోలేదట. "ఆ మేడం మనిషిని పంపుతనన్నది. ఆళ్ళొచ్చేసరికి నేను ఇంట్ల లేకుంటే ఎట్ల?" అన్నారట. ఐదు రోజులు మంచం మీదే ఉన్నారు. తొమ్మిదిసార్లు ఫోన్ చేశారు. తొమ్మిదిసార్లూ వస్తారనే చెప్పాను.

ఎవరూ వెళ్ళలేదక్కా. మా సంస్థ నడిపే సుందర్ రాజు గారు డిపార్ట్‌మెంట్ మనిషి వెళ్తారనుకున్నారు. అక్కడి ఆఫీసర్ భువన గారు మా మనిషి వెళ్తారనుకున్నారు. ఇద్దరూ చెడ్డవాళ్ళు కాదు. ఒప్పందం రోజు ఒకరికొకరు శాలువాలు కప్పి ఫోటో దిగినవాళ్ళే.

ఆరో రోజు పక్కింటివాళ్ళే ఆస్పత్రిలో చేర్చారు. తుంటి ఎముక విరిగింది, ఆలస్యమైంది, ఇక నడవలేరన్నారు డాక్టర్లు. చూడ్డానికి వెళ్ళి "ఎలా ఉన్నారండీ?" అన్నాను. గొంతు విని నా చెయ్యి వెతికి పట్టుకున్నారు.

"వచ్చినవా బిడ్డా? వస్తరని నువ్వే చెప్తివి గద."

నాకు ఏడుపు రాలేదు. ఆ రోజు నుంచి ఏదీ రావట్లేదు. అన్నం తింటున్నాను, పాపకి జడ వేస్తున్నాను, బస్సెక్కుతున్నాను. అన్నీ వేరే ఎవరో చేస్తున్నట్టుంది.

లియోకి కూడా చెప్పనిది ఒకటుంది. రికార్డింగ్‌కి ముందు నేను ఇద్దర్నీ అడిగాను, వెళ్ళే మనిషి ఎవరని. "వాళ్ళు చూసుకుంటారమ్మా" అన్నారు సుందర్ రాజు గారు. "మీవాళ్ళే కదండీ" అన్నారు భువన గారు. రెండూ విన్నాను. ఎవరూ లేరని నాకు అప్పుడే తెలుసక్కా. మళ్ళీ అడిగితే విసుక్కుంటారని, ఇంకో అమ్మాయి చేత చెప్పిస్తారని భయపడి చదివేశాను.

నిన్న జూబ్లీహిల్స్‌లో మా ఆఫీసుకి ఇద్దర్నీ పిలిచి, చెప్పడం చేతగాక గబగబా చెప్పాను. ముందు ఆ మాట ఆపెయ్యండి అన్నాను. ఇద్దరికీ కలిపి ఒకటే పుస్తకం ఉండాలి, ప్రతి ఫోనుకీ ఎదురుగా, వెళ్ళే మనిషి పేరు ఉండాలి, సోమవారం సోమవారం ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చూడాలి అన్నాను. ఒప్పుకున్నారు. "మరి బోరబండకి ఎవరి పేరు రాద్దాం?" అన్నారు భువన గారు. సుందర్ రాజు గారు పుస్తకం ఆవిడ వైపు జరిపారు. నేనే పెన్ను తీసుకుని నా పేరు రాశాను. రేపు కొత్త రికార్డింగ్. బోరబండ వాళ్ళకి ఇలా వినపడుతుంది: "నా పేరు దీనా. నేనే వస్తాను."

ఇక ఫోన్ సంగతి. ఎత్తితే ఎలా ఉన్నావే అంటావు. బాగున్నానక్కా అంటాను. ఈ గొంతుతో అంటే నువ్వు నమ్మేస్తావు. అందుకే ఉత్తరం రాశాను.

ఇట్లు,
నీ చెల్లెలు
దీనా