భయ్యాజీ బండి

2 ఫిబ్రవరి 2025, ఆదివారం

స్కార్పియో కొన్నాను. 2012 మోడల్, నలుపు, ఏడు సీట్లు. మేమేమో ముగ్గురం. పద్దెనిమిదేళ్లు ఒకే స్కూటర్ మీద వానలో తడిశాం. ఇక చాలు.

అమ్మినాయన పేరు మనోజ్‌కుమార్. వైశాలి నగర్‌లో ఇంట్లోనే ట్యూషన్లు చెప్పుకుంటాడు. మెత్తటి మనిషి. కుడిచేతి చిటికెన వేలికి కట్టు ఉంది. మాట్లాడినంతసేపూ నా మొహంలోకి చూడలేదు. ఫ్యామిలీలోనే నడిచిన బండి అని మూడుసార్లు చెప్పాడు. వెనక అద్దం నిండా హిందీలో 'భయ్యాజీ' అని రేడియం అక్షరాలున్నాయి. తనకంటే ముందు ఓనర్ అంటించాడట. గీకితే అద్దం మీద గీతలు పడతాయట. మా పక్కింటి అప్పలకొండ బాబాయ్ స్టీల్ ప్లాంట్‌లో ఫిట్టర్‌గా రిటైరయ్యాడు. ఇంజన్ చప్పుడు విని, బాగానే ఉందిరా, తీసీసుకో అన్నాడు.

ఇంటికొచ్చి కడుగుతుంటే వెనక సీటు కింద హాకీ కర్ర దొరికింది. పారేయలేదు.

9 ఫిబ్రవరి

ఒక విషయం రాసుకోవాలి. నలభై తొమ్మిదేళ్లుగా ఈ హిందీ ఊళ్లో నేను రావ్‌ని. ఖుర్సీపార్‌లో నా జిరాక్స్ షాపుకొచ్చే ప్రతివాడూ, ఏ రావ్, దో కాపీ నికాల్ అంటాడు. నా పేరు కృష్ణమోహన్. మా వంశంలో రావులెవరూ లేరు. తెలుగువాడైతే చాలు, వీళ్లకి రావే. నాన్న ప్లాంట్‌లో కోక్ ఓవెన్స్ దగ్గర ముప్ఫై మూడేళ్లు రావ్‌గానే పనిచేసి రావ్‌గానే పోయాడు.

ఇవాళ పవర్‌హౌస్ బజార్లో బండి రివర్స్ తీస్తున్నాను. పాన్ షాపువాడు వెనక అద్దం చదివి లేచి నిలబడ్డాడు. నమస్తే భయ్యాజీ అన్నాడు. అడ్డంగా ఉన్న బైకులు తనే పక్కకి లాగాడు. నేను తలూపాను. చాలా బాగుంది.

10 ఫిబ్రవరి

ఇంకో రెండు నమస్తేలు.

1 మార్చి

సైకిల్ మీద ఒక ముసలాయన వెనక బంపర్‌కి తగిలాడు. గీత కూడా పడలేదు. దిగాను. చేతిలోకి కర్ర ఎలా వచ్చిందో తెలీదని రాయను, నేనే తీశాను. మొదటి దెబ్బ సైకిల్ మీద. రెండోది ఆయన భుజం మీద. ఎముక తగిలిన చప్పుడైంది. ఆయన నా కాళ్లు పట్టుకుని, మాఫ్ కర్ దో భయ్యాజీ అన్నాడు. చుట్టూ ఇరవైమంది ఉన్నారు. అందరూ వెనక్కి జరిగి నా బండికి దారిచ్చారు.

సాయంత్రం దాకా షాపులో ఈల వేసుకుంటూ జిరాక్సులు తీశాను. భయం లేదు, సంతోషమే. ఇంట్లో చెప్పలేదు.

16 మార్చి

అప్పలకొండ బాబాయ్ పొద్దున్నే వచ్చాడు. రాయ్‌పూర్ దారిలో కుమ్హారి వైపు కొందరు ఈ బండి కోసమే కాపు కాస్తున్నారట. పాత ఓనర్, ఆ భయ్యాజీ అనే రౌడీ, వాళ్ల అన్న కాళ్లు రెండూ విరగ్గొట్టి ఊరొదిలి పారిపోయాడట. ఒరే మోహనా, ఆ రాతలు ఇయ్యాలే గీకీరా, నీకేటిరా ఆ పేరు అన్నాడు. నా భార్య ఇందుమతి అంతా వింది. నాకు గుండె దడదడలాడతందండి, ఆడపిల్ల నడుపుతాది ఆ బండి, మీకేటైపోయింది అని నన్ను నిలదీసింది. మా అమ్మాయి బిందుప్రియ నాకంటే బాగా నడుపుతుంది.

బ్లేడు కొన్నాను. గీకుదామనే బండి దగ్గరికి వెళ్లాను. అప్పుడే ఎదురింటి కాంట్రాక్టర్ గేటు తీశాడు. ఇరవై ఏళ్లలో నన్ను ఒక్కసారి కూడా పలకరించలేదు. ఆయియే భయ్యాజీ, చాయ్ పీజియే అన్నాడు. వెళ్లి తాగాను.

రేపు గీకుతాను.

17 మార్చి

గీకలేదు.

23 మార్చి, సాయంత్రం 5

ఆస్పత్రి వరండా. బిందుని లోపలికి తీసుకెళ్లారు.

రాయ్‌పూర్‌లో పెళ్లికని తల్లీకూతుళ్లు ముందు బయల్దేరారు. షాపు మూసి బస్సులో వస్తానన్నాను. కుమ్హారి దగ్గర రెండు బైకులు అడ్డం పెట్టారట. నలుగురు, చేతుల్లో రాడ్లు. ముందు అద్దం, పక్క అద్దాలు, లైట్లు అన్నీ పోయాయి. భయ్యాజీ ఇంటి ఆడవాళ్లే అనుకున్నారు. బిందుని జుట్టు పట్టుకుని కిందికి ఈడ్చారు. తలకి అడ్డం పెట్టుకున్న కుడి చెయ్యి రెండు చోట్ల విరిగింది. ఎముక బయటికొచ్చింది. ఇందుమతి దాన్ని కొంగుతో పట్టుకుని ఆటోలో ఆస్పత్రి దాకా అలాగే కూర్చుంది.

ఇందుమతికి ఆ క్షణంలో హిందీ నోటికి రాలేదట. ఓలమ్మో, నా పిల్లని సంపీకండి బాబూ అని మన భాషలోనే అరిచిందట. అప్పుడు ఆగారట. ఒకడు, అరే, యే తో రావ్ లోగ్ హై అన్నాడట, వీళ్లు రావులురా అని. రాడ్డు కింద పడేసి, గల్తీ హో గయీ ఆంటీ, పొరపాటైపోయింది అని నీళ్ల బాటిల్ ఇచ్చి పోయారట.

నేను అసహ్యించుకున్న పేరే నా బిడ్డని బతికించింది. నేను వదలలేని పేరు దాని చెయ్యి విరగ్గొట్టింది. బండికి వెనక అద్దం ఒక్కటే పగల్లేదు.

24 మార్చి

కర్ర పట్టుకుని మనోజ్‌కుమార్ ఇంటికి వెళ్లాను. నన్ను చూడగానే అతనికి అర్థమైపోయింది. ఆ చిటికెన వేలు ఎవరు విరగ్గొట్టారని అడిగాను. కుమ్హారి వాళ్లేనని ఒప్పుకున్నాడు. చెబితే ఎవరు కొంటారు, నాకూ పిల్లలున్నారు అన్నాడు. ఆ మాట దగ్గర కొట్టాను. మోకాలి మీద. పడ్డాక మళ్లీ అదే మోకాలి మీద. గుమ్మం నిండా ట్యూషన్ పిల్లల చెప్పులు. వాటి మీద పాక్కుంటూ లోపలికి పోబోయాడు. భార్య పరుగెత్తుకొచ్చి నా కాళ్ల మీద పడింది. ఛోడ్ దీజియే భయ్యాజీ అంది.

ఆ పిలుపు విన్నాక ఇంకో రెండు కొట్టాను.

27 మార్చి

అతను కేసు పెట్టలేదు. ఇక కుంటుతూనే నడుస్తాడట.

13 ఏప్రిల్

కొత్త అద్దాలు వేయించాను. దుర్గ్ నుంచి రాజాబాబు అనే ఆయన బండి చూడ్డానికి వచ్చాడు. భార్య, ఇద్దరు చిన్నపిల్లలు. మెత్తటి మనిషి. ఫ్యామిలీలోనే నడిచిన బండి అన్నాను. వెనక అక్షరాల సంగతి అడిగాడు. గీకితే గీతలు పడతాయన్నాను.

బిందు గుమ్మంలో నిలబడి వింది. సీటు కింద నుంచి హాకీ కర్ర ఎడమ చేత్తో తీసింది. వెనక అద్దం మీద కొట్టింది. అలవాటు లేని చెయ్యి, అద్దం పగలడానికి నాలుగు దెబ్బలు పట్టింది. రాజాబాబు పిల్లల్ని ఎత్తుకుని వెళ్లిపోయాడు.

నేను కొన్న బ్లేడు కాగితం కూడా విప్పకుండా జేబులోనే ఉంది.