వాడు ఎందుకు ఊరుకున్నాడు?

బుధవారం రాత్రి, మండపేట

తొమ్మిది నెలల బాబును గమనించడానికి వెళ్ళిన ఇంట్లో, వాళ్ళమ్మ సుజాత గారు స్నానానికి వెళ్ళగానే వాడు ఏడుపు అందుకున్నాడు. పక్కన కూర్చుని చూడాలే గానీ ఎత్తుకోకూడదని మా శిశు మనస్తత్వశాస్త్రం కోర్సులో నియమం. చేతులు కట్టుకుని కూర్చున్నాను. నన్నే చూస్తూ ఏడ్చి ఏడ్చి, చివరికి నోట్లో వేలేసుకుని ఊరుకున్నాడు.

మెదడు ఎదుగుతోంది, తనను తాను సముదాయించుకోవడం నేర్చుకున్నాడంటారు మాకు న్యూరోసైన్స్ చెప్పే మేడమ్. ఎవరూ రారని ఆశ వదులుకున్నాడంటారు సైకోఎనాలిసిస్ చెప్పే సార్. నేను చూసింది వాడు ఊరుకోవడం ఒక్కటే. రిపోర్టులో ఏ మాట రాయాలో తోచడం లేదు...

"పక్కన రైస్ మిల్లు మోతలో ఏం వినపళ్ళేదండి. మీరున్నారు కదా అని నింపాదిగా తలంటి పోసుకున్నాను" అంటూ సుజాత గారు వాణ్ణి నా ఒళ్ళో కూర్చోబెట్టి కాఫీ కలపడానికి వెళ్ళారు.

ఈసారి వాడు ఏడవలేదు. నా ముఖం వైపు చూడనూ లేదు.