డబ్బా మీది బాలనటుడు

అమ్మా,

ఇవాళ నీ తద్దినం. భోజనాలయ్యాక అశోక్‌నగర్ వెళ్ళి, నీకెంతో ఇష్టమైన ఆ బాలనటుణ్ణి చూసి వచ్చాను. డబ్బా మీద వాడి బొమ్మ చూసే కదా, మాత్రలు మానేసి, షుగరు తగ్గిస్తుందన్న ఆ డబ్బాలోని పొడి తాగావు. ఆ ఏడాదే పోయావు.

ఇప్పుడతనికి నలభై దాటాయి. జిమ్ పెట్టి, పెద్దవాళ్ళచేత పొద్దున్నే వ్యాయామం చేయిస్తున్నాడు. ఏ పొడి అమ్ముతున్నాడోనని అరలన్నీ వెతికాను. డంబెల్స్, తువ్వాళ్ళు తప్ప ఏమీ లేవు. అయినా నమ్మబుద్ధి కాలేదు.

"నాకూ షుగరుంది. ఇక్కడ చేరితే మాత్రలు మానేయొచ్చా?" అని అడిగాను.

"ఎవరు చెప్పినా మానొద్దు అక్కా. డాక్టర్‌ని అడగకుండ ఏం చేయొద్దు మీరు."

అప్పుడు నీ సంగతి చెప్పాను. అతను కుర్చీలో కూలబడ్డాడు.

"ఆ ఫొటో దిగినప్పుడు నాకు ఎనిమిదేండ్లు. డబ్బాల ఏముండెనో ఇప్పటికీ నాకు తెల్వదక్కా."

అది నిజమో, నటనో పోల్చుకోలేకపోయాను. రేపటి నుంచి వస్తానని మాత్రం చెప్పాను. నమ్మి కాదమ్మా, దగ్గరుండి కనిపెడదామని.

నీ కూతురు