ముందు చక్రానికి నేను కొట్టిన గాలి

చిట్యాల,
ఆదివారం ఉదయం.

పూజ్యులైన అన్నగారి పాదాలకు తమ్ముడు శేషయ్య తలవంచి మొక్కి వ్రాయునది.

ఇక్కడ నేను క్షేమంగానే ఉన్నాను. మీ మోకాళ్ల నొప్పి ఈ ముసురుకు ఎక్కువ కాలేదు కదా? వదినగారి దగ్గు తగ్గిందా? అన్నింటికంటె ముందు చెప్పవలసిన మాట ఒకటున్నది. మన చెల్లెలు రాజ్యలక్ష్మి సోమవారం నాడు నీళ్లు తెస్తూ తడిబండ మీద జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకొన్నది. నిన్న మధ్యాహ్నం ఆమెను భూపాలపల్లి దవాఖానలో చేర్చాము. ప్రాణానికి భయం లేదని డాక్టరు నాతో రెండుసార్లు అన్నాడు. ఒకసారి అంటే నేను నమ్మనని గ్రహించాడు కాబోలు. మంగళవారం నాడు కాలి లోపల కడ్డీ వేస్తారు. ఆమె ఉండే గూడెం నుంచి వెంట వచ్చిన అంగన్‌వాడీ ఆయా ఆమె దగ్గర ఉన్నది. బట్టలకోసం నేను ఒక్క పూట చిట్యాలకు వచ్చాను. మీరు కంగారుపడి బయలుదేరవద్దు. బస్సులు లేవు, దారులన్నీ ఉద్యమంవాళ్లు రాళ్లుపెట్టి మూశారు.

మీరు ఫోను పట్టుకోరు. పట్టుకున్నా, ఇప్పుడు వ్రాయబోయేది ఫోనులో చెప్పదగినది కాదు. లోగడ నేను వ్రాసిన రెండు ఉత్తరాలను అన్నం మెతుకులతో అంటించి, అతుకు మీద సంతకం కూడా పెట్టాను. మధ్యలో ఎవరైనా విప్పితే మీకు తెలియాలని నా ఉద్దేశం. ఈ ఉత్తరం మీకు అంటించకుండానే చేరుతుంది. దానికి కారణం చదువుతుంటే మీకే అర్థమవుతుంది.

అరవై ఏడేళ్ల వయస్సులో చిల్పూరు విడిచి ఇక్కడి బడిలో తెలుగు చెప్పడానికి వచ్చి నాలుగు నెలలైంది. అందులో బడి నడిచినది నెలన్నర. మిగిలిన రోజులన్నీ సమ్మెలోనే గడిచాయి. పిల్లలు లేని బడిలో ఒంటరిగా ఉన్నవాడికి అనుమానాలే బంధువులు. పాలుపోసే ఆమె నీళ్లు కలుపుతున్నదని, బోరింగు నీళ్లలో సున్నమున్నదని, మీ ఊరేదని అడిగినవాడల్లా పోలీసుల మనిషేనని తలచుకొంటూ కాలం గడిపాను. వంట నేనే చేసుకొంటున్నాను. దీక్ష శిబిరంలో ఒకనాడు నన్ను మాట్లాడమన్నారు. నాకు తెలిసిన భాషలో నాలుగు వాక్యాలు చెప్పగానే వెనుకనుంచి ఒకడు, “పంతులూ, గీ మాటలు దేవునికి చెప్పుండ్రి, మాకు మన తీరు చెప్పుండ్రి” అన్నాడు. అందరూ నవ్వారు, నేను కూడా నవ్వాను. గదికి వచ్చిన తరువాత మాత్రం, నన్ను పిలిచినదే నవ్వడానికేమోనని రెండు రోజులు మథనపడ్డాను.

చెల్లెలు పడిన సంగతి మంగళవారం సాయంత్రం గూడెం నుంచి సమ్మయ్య అనే రైతు నడిచివచ్చి చెప్పాడు. మట్టిబాట కల్వర్టు వానకు కొట్టుకుపోయింది. అంబులెన్సు అక్కడిదాకా వచ్చి వెనుదిరిగిందట. ఇక మిగిలినది గుట్ట మీది రాళ్లబాట. దాని మీద ట్రాక్టరు కూడా పోదు. మంచం మీద మోసుకురావాలంటే విరిగిన ఎముకతో ఐదు గంటలు. బడి యజమాని దగ్గర నాలుగు చక్రాలూ లాగే పాత మిలిటరీ జీపు ఒకటున్నది. “మీ పూచీ మీద తీస్కపోండ్రి సార్, ఉన్నదున్నట్టు తేవాలె” అని తాళం నా చేతికిచ్చాడు. బడి పక్కనే బండ్లు బాగుచేసే యాకూబ్ షెడ్డు. గుట్ట ఎక్కించగల మనిషి అతడొక్కడేనని ఊరంతా అన్నది. ఊరంతా ఒకే మాట అనడమే నాకు అనుమానం కలిగించింది.

బుధవారం పొద్దున యాకూబ్ చేసిన మొదటి పని, జీపుకు ఇరువైపులా కాలు పెట్టి ఎక్కడానికి ఉన్న ఎక్కుడు పలకలను విప్పి షెడ్డు లోపల పెట్టడం. మంచి ఇనుము అన్నగారూ. “ఎందుకు తీస్తున్నావు?” అని అడిగితే, “రాళ్లకు గవే ముందు తట్టుతయ్ పంతులూ. అవి తట్టితె బండి అడ్నే ఆగుతది” అన్నాడు. తరువాత వెనుక కొక్కెం తీశాడు, వెనుక సీటు తీశాడు. ఇంజను కింద ఒక మందపు రేకును వెల్డింగు చేశాడు. నిర్మించడానికి ముందు ఇంతగా విప్పే శాస్త్రం నేను ఎక్కడా చదవలేదు. అతడు టీకి వెళ్లినప్పుడు, విప్పిన ప్రతి వస్తువు అడుగునా గుర్తుకోసం కుంకుమ బొట్టు పెట్టాను, మార్చితే పట్టుబడాలని. సాయంత్రం అతడు ఆ బొట్లు చూసి, “బండికి గిన్ని బొట్లేంది పంతులూ?” అని అడిగాడు. పూజ అని చెప్పాను. అప్పటినుంచి గ్రీజు తుడిచేటప్పుడు గుడ్డను ఆ బొట్ల చుట్టూ తిప్పి తుడిచాడే తప్ప, ఒక్కటీ చెరపలేదు. అది కూడా నటనేనని నేను అనుకొన్నాను.

గురువారం సమ్మయ్యను వెంటబెట్టుకొని గుట్టంతా నడిచి, ఏ చక్రం ఏ రాయి మీద పెట్టాలో సున్నంతో గుర్తులు పెట్టి వచ్చాడు. ఈ రోజుల్లో గుట్ట మీద తెల్ల గుర్తులు ఎవరికోసమని నా మనస్సు మళ్లీ అడిగింది.

ఆ సాయంత్రమే నాలుగు చక్రాలలోనూ సగం గాలి తీసివేశాడు. అతని దగ్గర పనిచేసే మల్లయ్య దానికి ఒప్పుకోలేదు. మల్లయ్యది మానుకోట. నిక్కచ్చి మనిషి, నోరు కొంచెం కటువు.

“గింత గాలి తీస్తె లోపల ట్యూబు తిరుగుతది, మూతి తెగుతది. గుట్ట మీద పంచరు ఎవలేస్తరు, మీ తాతనా?” అన్నాడు మల్లయ్య.

“నువ్వు మానుకోటల తారు రోడ్డు బండ్లు చూసినవ్. మేకను చూసినవా ఎన్నడన్న? దాని కాలు రాయిని పట్టుకొని ఎక్కుతది. గట్టి టైరు రాయి మీద ఎగురుతది, మెత్తది పట్టుకుంటది. లోపల అమ్మ పండుకొని ఉంటది, ఆమెకు గూడ దెబ్బ తగలదు.”

“మేకకు పంచరు కాదు గద.”

“నీ మూతికే గాలి ఎక్కువైంది, ముందు అది తియ్యాలె.”

ఇద్దరూ నవ్వుకొన్నారు. నాకు మాత్రం మల్లయ్య మాట ముల్లులా గుచ్చుకొన్నది.

శుక్రవారం పదకొండు గంటలకు బండి సిద్ధమైంది. నేను పసుపు కుంకుమలు పెట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు ఉంచాను. యాకూబ్ బండిని ముందుకు నడిపాడు. మూడు కాయలు చితికాయి. ఎడమవైపు ముందు చక్రం కింద కాయ మాత్రం మెత్తటి మట్టిలోకి దిగబడి, చెక్కుచెదరకుండా బయటపడింది. యతి తప్పిన పాదం దగ్గర ఆగినట్టు నా మనస్సు అక్కడ ఆగిపోయింది. చేత్తో నొక్కి చూస్తే చక్రం సొట్టపోతున్నది. చెల్లెలి ప్రాణం ఇంత మెత్తని చక్రం మీద పెట్టడమా అనుకొన్నాను. యాకూబ్ జుమ్మా నమాజుకు వెళ్లాడు. “అమ్మ కోసం గూడ దువా చేస్త” అని చెప్పి మరీ వెళ్లాడు. మల్లయ్య అన్నానికి వెళ్లాడు. షెడ్డులో కాలితో తొక్కే పంపు ఉన్నది. పిక్కలు లాగేదాకా తొక్కి ఆ ఒక్క చక్రాన్ని రాయిలా చేశాను. మూత బిగించి, దాని మీద కొంచెం మట్టి కూడా పూశాను. మట్టి పూసిన చేయి ఎవరిదో అప్పుడు నాకే తెలియలేదు.

రెండు గంటలకు బయలుదేరాము. “బండి కుడి దిక్కు గుంజుతుందేంది?” అని యాకూబ్ ఒకసారి అన్నాడు. బాట వాలు అనుకొని ఊరుకొన్నాడు. గుట్ట మొదట్లో చిన్న గేరు వేసి, మనిషి నడకకంటె నెమ్మదిగా, సున్నం గుర్తుల మీదనే ఒక్కొక్క చక్రాన్నీ పెడుతూ ఎక్కించాడు. సమ్మయ్య ముందు నడుస్తూ చేతితో దారి చూపుతున్నాడు. సగం గుట్టలో మోకాలెత్తు బండ ఒకటి మెట్టులా అడ్డమున్నది. కుడి చక్రం దానిని పట్టుకొని ఎక్కింది. ఎడమ చక్రం తడిబండ మీద ఎగిరి పక్కకు జారింది. సమ్మయ్య దూకకపోతే అతని కాలు బండికీ రాతికీ మధ్య ఉండేది. వెనుక చక్రం రెండు రాళ్ల నడుమ ఇరుక్కొన్నది.

యాకూబ్ దిగి, జేబులోని గాలి కొలిచే గొట్టాన్ని నాలుగు చక్రాలకూ పెట్టి చూశాడు. ఎడమవైపు ముందు చక్రానికి మళ్లీ ఒకసారి పెట్టి చూశాడు.

“మూడు మెత్తగున్నయ్. గిదొక్కటి రాయి లెక్క ఉన్నది. ఎవడు కొట్టిండు గాలి?” అని నా వైపు కాక, చక్రం వైపు చూస్తూ అడిగాడు. ఆ తరువాత తానే, “మల్లిగాడే. తన మాట గెలువాలని కొట్టిండు” అన్నాడు.

నేను నోరు తెరిచాను. “పొద్దు పోతున్నది” అన్నాను.

యాభై ఏళ్లు ధర్మం చెప్పిన నోరు అన్నగారూ. ఆ మాట తప్ప ఇంకేమీ రాలేదు.

ఆ చక్రంలో గాలి తీసి, జాకీ కింద చెక్క వేసి, బండిని లేపి, రాళ్లు పేర్చి బయటపడేసరికి సూర్యుడు గుట్ట దిగాడు. గూడెం చేరినా ఆ పూట తిరిగి దిగే వీలు లేకపోయింది. చెల్లెలు విరిగిన కాలితో మరొక రాత్రి ఆ మంచం మీదనే గడిపింది. నిన్న ఉదయం నాలుగు చక్రాలూ మెత్తగా ఉండగా, సీటు తీసిన చోట బొంతలు పరచి ఆమెను పడుకోబెట్టి దించాము. ఆ బండ మెట్టు దగ్గర నేను కళ్లు మూసుకొన్నాను. చక్రం ఆ రాతిని పిల్లవాడు తల్లి భుజాన్ని పట్టుకొన్నట్టు పట్టుకొని దిగింది. చెల్లెలు నా చేయి పట్టుకొని, “ఊయలల పండుకున్నట్టున్నది అన్నా. నిన్ననే తీస్కపోతరనుకున్న” అన్నది. నిందగా అనలేదు. నిందించి ఉంటే బాగుండేది.

సాయంత్రం షెడ్డుకు చేరగానే యాకూబ్ మల్లయ్యను నిలదీశాడు.

“మా అవ్వ మీద ఒట్టు, నేను ముట్టలే” అన్నాడు మల్లయ్య.

“మరి దయ్యం కొట్టిందా? సమ్మన్న కాలు పోతుండె.”

“ఎనిమిదేండ్లు నీ కాడ చేసిన. గిదేనా నువ్వు నన్ను తెలుసుకున్నది?” అని మల్లయ్య పానాల సంచి కూడా ముట్టకుండా వెళ్లిపోయాడు. శిబిరం గుడారంలో పడుకొంటున్నాడట. దారులు తెరవగానే మానుకోటకు పోతాడట. ఆ మాటలు జరుగుతున్నంతసేపూ నేను అక్కడే, రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. తరువాత యాకూబ్ ఒంటరిగా కూర్చుని ఎక్కుడు పలకలు, కొక్కెం, సీటు తిరిగి బిగించాడు. ఒక్క బోల్టు కూడా మారలేదు. నా బొట్లు బొట్ల చోటనే ఉన్నాయి. నేను అనుమానించినవాడు నన్ను అనుమానించడానికి కూడా ఆలోచించలేదు.

ఇప్పుడు ఒక మనవి. యాకూబ్ ఈరోజు లోపలి బాటలు పట్టుకొని మోటారుసైకిలు మీద జనగామలోని తన చెల్లెలి ఇంటికి వెళ్తున్నాడు. దారిలో చిల్పూరులో ఆగి ఈ ఉత్తరం మీకు ఇస్తాడు. అతనికి భోజనం పెట్టండి. వసారాలో కాదు, మీ పక్కన కూర్చోబెట్టి పెట్టండి. చెల్లెలికి వదినగారి మెత్తటి పాత చీరలు రెండు, నాకు ఉసిరికాయ తొక్కు కొంచెం అతని చేత పంపగలరు.

అతడు పది గంటలకు వస్తానన్నాడు. అతడు రాగానే ఈ ఉత్తరాన్ని మొదటినుంచి ఈ వాక్యం దాకా అతనికి చదివి వినిపిస్తాను. నోటితో చెప్పబోతే మళ్లీ పొద్దు పోతున్నదని అంటానేమోనన్న భయంతో ఇంతగా వ్రాసుకొన్నాను. చదవడం నాకు చేతనైన విద్య. ఆ తరువాతనే కవరులో పెడతాను.

వదినగారికి నా నమస్కారాలు చెప్పండి. చెల్లెలి కాలు కుదురుకోవాలని, నా బుద్ధి కూడా కుదురుకోవాలని దీవించండి.

మీ ఆశీస్సులకు ఎదురుచూసే తమ్ముడు,
శేషయ్య

తా.క.: చదివాను. బొట్ల దగ్గర యాకూబ్ నవ్వాడు. నిమ్మకాయ దగ్గర నవ్వు ఆపాడు. అయిపోయిన తరువాత కాగితం వైపు చూశాడు. ఆ పైన లేచి, “గీ కాయితం ఇంకోసారి చదవాలె పంతులూ. ఈడ కాదు, గుడారం కాడ, మల్లన్న ముంగట. నడువుండ్రి” అన్నాడు. చెప్పులు వేసుకొంటున్నాను. ఉత్తరం మీకు ఒక గంట ఆలస్యంగా అందుతుంది.