ముందు వరుసలో అమ్మ కుర్చీ

మే 9, గురువారం

గౌరవ సభాసభ్యుడు, మా ఇంటి చిన్నవాడు క్లెమెంట్‌కి అక్క ఓలివ్ ఆశీస్సులు. నువ్వు, మరదలు కులాసా అని పత్రికలో మీ ఫొటోలు చూసి తెలుసుకున్నాను.

వలస చట్టం నెగ్గినందుకు విందు చేస్తున్నావనీ, అమ్మని ముందు వరుసలో కూర్చోబెడతావనీ నీ కార్యదర్శి రాసింది. నాలుగు తరాలుగా ఈ జెర్సీ ద్వీపానిదే మన కుటుంబం అని చూపించాలి కాబోలు. మేం రావడం లేదు.

నీ ప్రసంగం అమ్మా నేనూ రేడియోలో విన్నాం. "మన పడవ నిండింది, ఇంకొక్కరు ఎక్కినా మునుగుతాం" అన్నావు. అమ్మ చేతిలో టీ కప్పు పట్టుకుని, "వీడి పడవకి తెడ్డు వేసేదెవరట?" అంది. ఆ వారమే కొండకొమ్మున తొమ్మిది గదుల భవనం కొన్న లండన్ దంపతులకి నువ్వు పూలగుత్తి పట్టుకెళ్లావు. వాళ్లు జనాభాలోకి రారు, పెట్టుబడిలోకి వస్తారు. ఎంత చక్కని లెక్కరా!

గ్రాసా మాత్రం జనాభాలోకి వచ్చింది. నాలుగేళ్లు అమ్మకి స్నానం చేయించి, అన్నం తినిపించిన మనిషి. పని అనుమతి గడువు పెంచమని నీ దగ్గరికొస్తే, కూర్చోమని కూడా అనకుండా "నియమం అందరికీ ఒకటేనమ్మా" అన్నావట. తన సొంత ద్వీపం మదీరాకి వెళ్లే విమానం ఎక్కేముందు అమ్మ గోళ్లు కత్తిరించి మరీ వెళ్లింది.

మూడో రోజు అమ్మ స్నానాలగదిలో పడింది. నేను పోస్టాఫీసులో పని ముగించుకుని వచ్చేదాకా ఆ చల్లని నేల మీదే ఉంది. "ఎవరినైనా పిలవలేకపోయావా?" అంటే, "ఎవరున్నారే పిలవడానికి?" అంది.

రేవు దగ్గరి వృద్ధాశ్రమానికి వెళ్లాను. పైఅంతస్తు తాళం వేసి ఉంది. అక్కడావిడ, "మంచాలున్నాయండీ, మనుషుల్లేరు. మీ తమ్ముడుగారినే అడగండి" అంది. అడిగాను కూడా. "తొందరపడకక్కా, అధ్యయన సంఘం వేశాం, వచ్చే వసంతానికి నివేదిక వస్తుంది" అన్నావు. ఎనభై ఆరేళ్ల మనిషిని వసంతం దాకా నేల మీద పడుకోమన్నావన్నమాట.

వాలుపొలాల్లో బంగాళాదుంప తవ్వేవాళ్లు లేక కుళ్లుతోంది. మన బడిలో టీచర్లు లేక రెండు తరగతులు ఒక గదిలోకి వచ్చాయి. ద్వీపం నిండిపోయిందని నువ్వంటుంటే చప్పట్లు కొట్టినవాళ్లందరికీ ఖాళీ ఇళ్లున్నాయి, గమనించావా?

కోపంతో రాస్తున్నాననుకుంటావు. కోపం ఎప్పుడో చల్లారింది. మిగిలింది చీదర.

ఇట్లు,
నీ అక్క,
ఓలివ్ రెనూఫ్

తా.క. కవరు మీద తపాలా బిళ్ల చూశావో లేదో, మేం పదిరోజులుగా మదీరాలో, గ్రాసా వాళ్లింట్లో ఉన్నాం. అక్కే అమ్మని ఎత్తుకుపోయిందని ఊరంతా చెప్పుకోకు. నాకు చెప్పకముందే అమ్మ గ్రాసాకి ఫోను చేసి, "నీ ఇంట్లో నాకో మంచం పడుతుందా?" అని అడిగింది. నేను వెనక పెట్టె మోసుకొచ్చానంతే. నిన్న ఇక్కడి అనుమతి కార్యాలయంలో గుమాస్తా నవ్వుతూ, "ఎన్నాళ్లుంటారు, ఏం పని చేయగలరు పెద్దమ్మా?" అన్నాడు. అమ్మ చెప్పింది: "చచ్చేదాకా ఉంటాను నాయనా. ఎదుటి మనిషి చెప్పేది వింటాను. మా అబ్బాయికి ఆ పని రాదు."

కుర్చీ ఖాళీగా వదలకు. ఆ లండన్ వాళ్లని కూర్చోబెట్టు.