రెండోసారి జెట్టీకి

నాన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నాకు ఏడుపు ఇంకా రాలేదు.

ఇవాళే హోప్ టౌన్ జెట్టీ దగ్గర నాకు ఫెర్రీ నడిపే పరీక్ష పెట్టారు. మొదటిసారి జెట్టీకి ఆనించబోతే నీటి లాగుడుకి ఫెర్రీ దాన్ని దాటిపోయింది. నన్ను నేను తిట్టుకున్నకొద్దీ చేతులు బిగుసుకుపోయాయి. అప్పుడు, నాకు ఫెర్రీ నడపడం నేర్పేటప్పుడు నువ్వనే మాట పైకే అనుకున్నాను.

"పర్లేదు తల్లీ, ఎనక్కి తీసి మళ్ళీ రా."

వెనక్కి తీసి మళ్ళీ వచ్చాను. ఈసారి ఫెర్రీ జెట్టీకి వేలాడదీసిన టైర్లకు మెత్తగా ఆనింది.

"ఎవరితో బాత్ చేస్తున్నావ్?" అని పక్కనున్న పరీక్షాధికారి హిందీ కలిపిన తెలుగులో అడిగాడు.

"నాతోనే సార్."

పాసయ్యాను. సంతోషం కూడా ఇంకా రాలేదు. నువ్వు పోయాక నన్నెవరూ తల్లీ అని పిలవలేదు. ఇవాళ నేనే పిలుచుకున్నాను.