రాళ్లు ఒట్టిగా తిరిగిన రోజు

ఈ ఊరి నాలుగు వీధుల వాళ్లకూ యాభై ఏళ్లు పిండి ఆడించి, మరపెద్దయ్య అనిపించుకున్న నేను, ఎవరి ఒత్తిడీ లేకుండా చెప్పి రాయిస్తున్న వీలునామా ఇది. కళ్లు మసకబారాయి గాని బుర్ర మసకబారలేదు.

1. నా తదనంతరం పిండిమరలో సగం నా కూతురికి, సగం నా తమ్ముడికి సర్వహక్కులతో చెందాలి. పొలం గట్టు తగాదాతో వాడికీ నాకూ మాటల్లేక ఇరవై ఏళ్లు. అయినా ఎందుకిస్తున్నానో చెబుతాను.

మన ఊళ్లో నాలుగు భాషలు. మర దగ్గర మాత్రం అందరిదీ ఒకే వరుస. తిట్టుకున్నా, సంబంధాలు కలుపుకున్నా అక్కడే. ఇరవై ఆరేళ్ల కిందట రేవువీధి ఇళ్లు తగలబెట్టిన రోజున ఆ వీధివాళ్లను పద్దెనిమిది మందిని వెనక ధాన్యం గదిలో దాచాను. ఒక పసిబిడ్డ ఏడుపు బయటికి వినపడకుండా, గింజ లేకుండానే మర తిప్పాను. ఆ కీచుమోత తేడా మరవాడికి తప్ప తెలియదు. కర్రలతో వచ్చిన గుంపులో నా తమ్ముడున్నాడు. నా దగ్గర పని నేర్చినవాడే. గుమ్మంలో నిలబడి చెవి ఒగ్గి విన్నాడు. నేను మర ఆపకుండా తిప్పుతూనే ఉన్నాను. వాడు వెనక్కి తిరిగి, “గోధుమలు ఆడిస్తున్నాడు. దుమ్ము తినడానికా లోపలికెళ్లేది? పదండి” అన్నాడు. ఊరు నన్ను మెచ్చుకుంది. వాడి మాట నేనెక్కడా ఎత్తలేదు.

2. వెనక గది, దాని తాళంచెవి బట్టలు కుట్టే అమ్మాయికి. ఆనాటి పసిబిడ్డ ఆమే. అమ్మా, నీ మొహం చూసి చెప్పలేకపోయాను. బుట్టలల్లే మీ నాన్న అందరికంటే చివర వచ్చాడు. అప్పటికే వెనక తలుపుకి గడియ పెట్టేశాను. మూడుసార్లు తట్టి, “అన్నా, నేనే” అన్నాడు. గుంపు సందు మలుపులో ఉంది. నేను తియ్యలేదు. ఆయన కాలవ గట్టున శవమై దొరికాడని నీకు చెప్పారు. అటు ఎందుకు పరిగెత్తాడో చెప్పవలసినవాణ్ణి నేను. క్షమించమని రాయించడం లేదు. చచ్చినవాడు అడిగితే కాదనడం కష్టం.

3. గడ్డంలో పిండికి కత్తి మొద్దుబారుతోందని ముప్పై ఏళ్లు సణిగిన మంగలికి నా పడక కుర్చీ.

4. ఇల్లు పెద్దకొడుక్కి, కాని షరతుతో. ఆనాడు తగలబెట్టే ముందు పెట్టినట్టే, ఈ వారం రేవువీధి తలుపుల మీద మళ్లీ సుద్ద గుర్తులు పడ్డాయి. వాడి చొక్కా జేబులో సుద్దముక్క దొరికిందని పెద్దకోడలు తెచ్చి నా చేతిలో పెట్టింది. వాడు బడిపంతులు కాదు. ఆ గుర్తులన్నీ పట్టపగలు, అందరూ చూస్తుండగా, తన చేత్తో తుడిస్తేనే ఇల్లు వాడిది. లేకుంటే నా కూతురిది. కోడల్ని అడిగాను. “ఇల్లు పోతే పోనీండి మామయ్యా, రాయించండి” అంది.

5. అమలు బాధ్యత ఆసుపత్రి నర్సమ్మది. నేను పోయిన మూడోనాడు మర ఆపి, అందరి ఎదుటా దీన్ని బిగ్గరగా చదవాలి. కుట్టుపని అమ్మాయి మధ్యలో లేచి వెళ్లిపోతే ఎవరూ ఆపకూడదు.

పద్నాలుగో తేదీ, మంగళవారం, పగలు పదకొండు గంటలు.

(సంతకం) మరపెద్దయ్య

సాక్షులు:
పోస్టుమాన్
పెద్దకోడలు